పాత స్పోర్ట్స్ కారుకు జెండా పాట

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. యార్డుకు వచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర వ్యాపారులు గుమిగూడి ధర పాడతారు. ఆ అంకె మధ్యాహ్నానికల్లా జిల్లా అంతా పాకుతుంది. మిగతా రైతుల చేతికి వచ్చేది మాత్రం ఆ అంకె కాదు. తేమ ఉందని కొంత, తాలు కలిసిందని కొంత, రంగు తగ్గిందని కొంత కోసి, మిగిలింది చీటీ మీద రాసిస్తారు. ధర అంటే ఏమిటో ఇంత సూటిగా నేర్పే విద్యాసంస్థ దేశంలో మరొకటి లేదని నా దృఢాభిప్రాయం. అందుచేత పాత స్పోర్ట్స్ కార్ల అసలు విలువ తేల్చే బాధ్యతను న్యూయార్క్, పారిస్ వేలం కంపెనీల నుంచి తప్పించి ఎనుమాముల మార్కెట్ కమిటీకి అప్పగించాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను.

ఈ మనవికి కారణం హన్మకొండలో, సుబేదారి వైపు ఒక రేకుల షెడ్డులో ఉంది. 1957 నాటి ఎంజీఏ, బ్రిటన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదని యజమాని నమ్మకం. ఆయన రిటైర్డ్ ఇంజినీరు, కాలనీలో అందరికీ ‘కారు సారు’. కారు అమ్మకానికి ఉందా అంటే లేదంటారు, ధరెంత అంటే మాత్రం వెంటనే చెబుతారు: నాలుగు కోట్ల ముప్పై లక్షలు.

ఈ అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 2023 నవంబర్‌లో న్యూయార్క్ వేలంలో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది. అంటే మన లెక్కన దాదాపు 430 కోట్ల రూపాయలు. ఆ వార్తను డాలస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపాడు. సారు రాత్రంతా ఆలోచించి, తెల్లారి కాగితం మీద నూటితో భాగించారు. ‘‘నూరో వంతే అడుగుతున్న. ఇంతకన్న న్యాయం ఉంటదా?’’ అన్నారు. జీటీఓలు లోకంలో 36 తయారయ్యాయి, ఎంజీఏలు 1955 నుంచి 1962 దాకా లక్షకు పైగా వచ్చాయి. ఈ సంగతి విన్నవిస్తే, ‘‘వరంగల్ల ఎన్నున్నయో చెప్పు’’ అని ఎదురడిగారు. జవాబు లేదు.

జెండా పాటలోని మహిమ ఇదే. రికార్డు ఎవరిదైనా, ఆశ అందరిదీ. 2022 మే నెలలో స్టుట్‌గార్ట్ మ్యూజియంలో పిలిచిన అతిథుల నడుమ గుట్టుగా వేలం వేస్తే, 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. మనకు 1,100 కోట్లు అనుకోండి. అలాంటివి తయారైనవే రెండు. ఆ వారమంతా సారు షెడ్డుకు రెండు తాళాలు వేశారట.

ముందు చెప్పిన ఫెరారీ జీటీఓ మోడల్ గురించి చెప్పని కథ ఇంకోటుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో ఒక హైస్కూలుకు దాత ఒకాయన అచ్చంగా అలాంటి కారునే, మెకానిక్ క్లాసు పిల్లలు నేర్చుకోవడానికని ఇచ్చేశాడు. 1972లో స్కూలు దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. కొన్నాయన ఏళ్ల తరబడి దాన్ని ట్రైలర్ మీద ఎండకూ వానకూ వదిలేశాడు. అప్పుడూ అదే కారు, అదే ఇంజను. పాడే వాళ్లు రాలేదు, అంతే.

ఇక మన కారు దగ్గరికి. ఆటోనగర్ నుంచి ఒక బ్రోకరు వచ్చాడు. కారు చుట్టూ ఒక రౌండు కొట్టి, తలుపు మీద అరచేత్తో తడిమి, ‘‘బయట హ్యాండిళ్లు పోయినయ్ సార్, గదానికి జర తగ్గించుకోండ్రి’’ అన్నాడు. సారు మొహం వెలిగిపోయింది. ఈ మోడల్‌కు కంపెనీవాళ్లే బయట పిడి పెట్టలేదు. లోపలికి చెయ్యి పోనిచ్చి, తలుపు సంచిలో ఉన్న తాడు లాగితే తెరుచుకుంటుంది. ‘‘హ్యాండిల్ లేకపోవుడే ఒరిజినల్’’ అంటూ లాగి చూపించారు. తాడు తెగి చేతిలోకొచ్చింది. బ్రోకరు ఆ తాడు వంకా, ముందు అద్దం ఉండాల్సిన చోటు వంకా చూసి, ‘‘గట్లయితే అద్దం లేకపోవుడు గూడ ఒరిజినలేనా సార్?’’ అని వినయంగానే అడిగాడు.

బానెట్ ఎత్తితే వివాదం ఇంకా ముదురుతుంది. లోపల ఉన్నది అంబాసిడర్ ఇంజను. అసలుది ఎప్పుడు పోయిందో, ఎవరు మార్చారో దేవుడికెరుక. పాత కార్ల పెద్దలకు ఇది మహాపాపం. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో కలవాలి, లేదంటే ధర బాగా పడిపోతుందని వాళ్ల శాస్త్రం. సారు దీనికి వంశవృక్షం సిద్ధం చేశారు. ఎంజీఏలో వచ్చిందీ, అంబాసిడర్‌లో వచ్చిందీ ఒకే బ్రిటిష్ కంపెనీ ‘బీ సిరీస్’ ఇంజన్లే, రెండూ 1489 సీసీ. ‘‘పాలోళ్లే గదయ్యా, పరాయోడు కాదు’’ అంటారు. చెప్పింది నిజమే కూడా. కానీ వేలం కంపెనీలు పాలివాళ్లను వారసులుగా ఒప్పుకోవు.

చరిత్ర సంగతి చూద్దాం. కారును ఎవరు నడిపారన్నది కూడా ధరే. 2015లో పారిస్‌లో ఒక పాత షెడ్డులోంచి తీసిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ 1 కోటి 63 లక్షల యూరోలు పలికింది. ఒకప్పుడు అది ఫ్రెంచ్ సినిమా నటుడు అలెన్ డెలాన్‌ది. షెడ్డులో దాని మీద పాత పత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. ఈ వివరం సారును బాగా కదిలించింది. మర్నాటి నుంచి పనిమనిషిని షెడ్డు ఊడ్వనివ్వడం లేదు, పాత పేపర్లవాడికి పేపర్లు వెయ్యడం లేదు, అన్నీ కారు మీదికే చేరుతున్నాయి. ఇక ఎవరు నడిపారంటే, తెలంగాణలో ప్రతి పాత కారూ నిజాం బంధువులదో, ఏదో గడిలో దొరదో, లేకపోతే ఎన్టీఆర్ ఒక్కసారి ఎక్కిందో అయి తీరాలి. సారుది మూడూ. ఆధారం? ‘‘మా నాయిన చెప్పిండు.’’

ప్రభుత్వం ఈ విషయంలో చేతులు ముడుచుకు కూర్చోలేదని ఒప్పుకోవాలి. బీమా లెక్కలో కొత్త కారు విలువ ఆరు నెలల్లోపే 5 శాతం తరుగుతుంది, ఐదో ఏటికి సగమవుతుంది. ఐదేళ్లు దాటాక? కంపెనీ, యజమాని కూర్చుని ఒప్పుకున్నదే విలువ. 2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు కూడా తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి 20 వేల రూపాయల రుసుము కడితే ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప మామూలు పనులకు రోడ్డెక్కకూడదు. ఇది చదివి సారు ఊపిరి పీల్చుకున్నారు: కారు కదలకపోవడం ఇకపై లోపం కాదు, చట్టాన్ని గౌరవించడం. అయితే అదే నిబంధనల్లో ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్న ముక్క కూడా ఉంది. ఆ పేజీ ఆయన ఇంకా తిప్పలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో స్థిరమైన అంచనా ఒక్క మేడందే, అంటే సారు ఇల్లాలిదే. ఆమె కారును చూడదు, కారు కింద ఉన్న జాగాను చూస్తుంది. సుబేదారిలో గజం రేటు ఎంతో ఆమెకు నోటికొచ్చు. షెడ్డు తీసి రెండు షటర్లు వేస్తే నెలకు కిరాయి ఎంతో అదీ నోటికొచ్చు. ఆ ధరకు ఏ ఫ్యాక్టరీ రికార్డూ, ఏ సినిమా నటుడూ అక్కర్లేదు.

కనుక నా ప్రతిపాదన ఇది: కార్లను ఎనుమాములకు తోలాలి, తోలలేనివాటిని ట్రాలీల మీద తేవాలి. తేమ మిషన్‌తో తుప్పు శాతం కొలవాలి. దొరకని భాగాలకు తరుగు తీయాలి, నాయిన చెప్పిన చరిత్రను తాలు కింద జమకట్టి విడిగా కాంటా పెట్టాలి. ఎవరూ పాడకపోతే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ పత్తి కొన్నట్టు మద్దతు ధరకు సర్కారే కొనాలి. డబ్బు ఎప్పుడు పడుతుందని మాత్రం అడగకూడదు.

సర్కారు స్పందించే లోపే ఒక కుర్రాడు వచ్చాడు. పెళ్లి ఫొటోలు తీస్తాడు. ధర అడగలేదు, చరిత్ర అడగలేదు, రోజుకు ఐదు వేల కిరాయి అన్నాడు. ఇంతమందిలో జేబులోంచి నోట్లు బయటికి తీసింది ఇతనొక్కడే. డీసీఎం వ్యానులో ఎక్కించుకుని రామప్ప చెరువు కట్ట మీద దింపుతారు, పెళ్లికొడుకును, పెళ్లికూతురును కూర్చోబెట్టి, వెనక నుంచి నలుగురు నూకుతారు, వీడియోలో మాత్రం బండి నడిచినట్టే ఉంటుంది. సారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. ఇది అసామాన్యమైన కారనీ, ఇంజను బీ సిరీస్‌దనీ మొదలుపెట్టి మొత్తం వంశవృక్షం వినిపించారు.

కుర్రాడు శ్రద్ధగా విని, బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, ‘‘ఇంజను తీసేద్దాం సార్, నూకనీకి అల్కగైతది’’ అన్నాడు.