ఉమ్మడి అడ్మిన్ వర్ధిల్లాలి

ఉమ్మడి కుటుంబాలు కనుమరుగైపోయాయని వాపోయేవారు ఒకసారి మా ఆఫీసు సర్వర్ గదికి రావాలి. 11 మందిమి ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో, పొరపొచ్చాలు లేకుండా ఏడేళ్లుగా కాపురం చేస్తున్నాం. మా అందరి పేరూ అడ్మినే. పాస్‌వర్డ్ మాత్రం అడగకండి, అది రహస్యం. మరీ అవసరమైతే, ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ అనే పెట్టె నెత్తిన అంటించిన చీటీ చూసుకోండి. చీటీ చెరిగిపోకుండా పైన టేపు కూడా వేశాం. భద్రత విషయంలో మేము రాజీపడం.

ఇలాంటి కాపురంలో నిప్పులు పోయడానికి ఈ మధ్య ఒక కుర్రవాడు చేరాడు. ఎవరి ఖాతా వారికి ఉండాలట. సిస్కో కంపెనీ స్విచ్‌లో అధికారానికి 0 నుంచి 15 వరకు మెట్లున్నాయని, మామూలుగా లోపలికి వచ్చినవాడు 1వ మెట్టు మీదే ఆగుతాడని, 15వ మెట్టు ఎక్కినవాడే సర్వాధికారి అని బోర్డు మీద నిచ్చెన గీసి మరీ చెప్పాడు. కేవలం చూసి పోయేవారికి కింది మెట్టు చాలునన్నాడు. పెళ్లిలో రెండో బంతికి ఆగమన్నట్టు మావాళ్ల ముఖాలు మాడిపోయాయి.

దూరం నుంచే స్విచ్‌లోకి వెళ్లడానికి మేము వాడే టెల్నెట్ మీదా పడ్డాడు. అది పాస్‌వర్డ్‌ను పోస్టుకార్డు మీద రాసినట్టు, ఉన్నదున్నట్టుగా పంపుతుందట. ఫిన్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేస్తే, 1995లో అక్కడి పరిశోధకుడొకాయన అదే పనిని రహస్య లిపిలో చేసే ఎస్‌ఎస్‌హెచ్ తయారు చేశాడట. ఎక్కడో ఫిన్లండ్‌లో దొంగలు పడితే మేమిక్కడ తలుపులు మార్చాలా?

స్విచ్ అమరికలు రాసి ఉండే కాన్ఫిగరేషన్‌లో మా పాస్‌వర్డ్ గజిబిజి అంకెల్లో దాక్కుని ఉంటుంది కదా అని గుర్తుచేశాం. అది ఏడో రకం దాపరికమట, దాని తాళంచెవి లోకమంతటికీ తెలుసట. ఆ అంకెలను మా ముందే విప్పి, పైకి చదివాడు. అందరం తలలు దించుకున్నాం. పాస్‌వర్డ్ బయటపడిందని కాదు, అందులో పాత మేనేజరుగారి ముద్దుపేరు ఉందని.

అసలు ఉమ్మడితనం విలువ అతడికేం తెలుసు? ఒక రాత్రి 2:17కు ఎవరో ఒక వీలాన్‌ను, అంటే స్విచ్‌లో ఒక విభాగం కంప్యూటర్లకు విడిగా కట్టిన వాటాను, తుడిచేశారు. తెల్లారేసరికి బిల్లింగ్ విభాగం మొత్తం చేతులు ముడుచుకుని కూర్చుంది. ఎవరేం చేశారో నమోదయ్యే లాగ్‌ను వణికే చేతులతో తీశాం. చేసినది అడ్మిన్ అని ఉంది. ఒకరి ముఖం ఒకరం చూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మూడేళ్ల కిందట మానేసినవారికి కూడా ఆ పాస్‌వర్డ్ తెలుసు కనుక, వారినీ అనుమానితుల్లో కలుపుకున్నాం. వెళ్లిపోయినా మావాళ్లే కదా.

చట్టమంటే మాకు గౌరవం లేదనుకోకండి. లాగ్‌లను 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. దాచాం. 180 రోజులూ అడ్మిన్, అడ్మిన్, అడ్మిన్ అని నామజపంలా ఉంటుంది.

అయినా పైవారు కుర్రవాడి మాటే విన్నారు. పోయిన సోమవారం అతడితో కలిపి 12 ఖాతాలు తెరిచాం. ఎవరినీ నొప్పించకుండా అందరికీ 15వ మెట్టే ఇచ్చాం. మరిచిపోకుండా పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టాం. 12 పేర్లు పట్టాలి కనుక పెద్ద చీటీ అంటించాం. రాత్రిపూట ఏదైనా ప్రమాదకరమైన మార్పు చేయాల్సి వస్తే మాత్రం, అందరం ఆ కుర్రవాడి పేరుతోనే లోపలికి వెళ్తున్నాం.