కరణం గారు మళ్లీ వచ్చారు

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేస్తే ఇక పీడ వదిలిందని ఊళ్లు సంబరపడ్డాయి. ఊళ్లో మునిగిన ఆ పదవి మాదాపూర్‌లో తేలింది. ఇప్పుడాయన పేరు జిరా, ఆఫీసులో ఒక్కో పనినీ ఒక్కో టికెట్‌గా రాసి లెక్క చూసే సాఫ్ట్‌వేర్. 2002లో ఆస్ట్రేలియాలో పుట్టాడు. గాడ్జిల్లాను జపాన్‌వాళ్లు గోజిరా అంటారు, అందులోంచి కత్తిరించి పెట్టిన పేరది. మనం జీలకర్ర కాబోలనుకుని పోపులో వేసుకున్నాం.

కరణం గారి లెక్కలో పొలం ఉంటే చాలదు, అడంగల్‌లోకి ఎక్కాలి. కోడ్ దాచుకునే రిపోజిటరీని జిరాకు కలిపాక కోడ్ గతీ అంతే. కోడ్ మార్చినప్పుడల్లా రాసే కమిట్ మెసేజ్‌లో టికెట్ నంబరు ఉంటేనే పని జరిగినట్టు. పెద్దక్షరాలు, అడ్డగీత, అంకె. అదీ వరస.

మొన్న లాగిన్ పేజీలో ఒక్క అక్షరదోషం దిద్దాను. అర నిమిషం పని. రిపోజిటరీకి పంపుదామని పుష్ కొడితే, గుమ్మంలో తనిఖీ చేసే మా ఆఫీసు హుక్ గెంటేసింది, నంబరు లేదట. సరే, టికెట్ తెరుద్దామని వెళితే ప్రయారిటీ ఎంత, పని బరువు చెప్పే స్టోరీ పాయింట్లెన్ని, ఏ ఎపిక్ కింద, అంటే ఏ పెద్ద పనిలో భాగం అని అడిగింది. ఒత్తు పోయిన అక్షరానికి ఎపిక్కా! మహాభారతానికి వాడే మాట కదండీ అది.

పక్క సీటు సీనియర్ జాలిపడి, "ఇతర పనులు అని ఓ టికెట్ ఉంది, దాని నంబరు కొట్టెయ్ తమ్ముడూ" అన్నాడు. చూద్దును కదా, టీమ్ రాసిన కోడ్‌లో సగం ఆ ఒక్క టికెట్ పేరు మీదే ఉంది. మా ఊళ్లో దీన్ని బినామీ అంటారు. ఇంకో కుర్రాడు ఆ శ్రమ కూడా పడలేదు. మెసేజ్‌లో 'యూటీఎఫ్-8' అని రాశాడు. అది టికెట్టే కాదు, కంప్యూటర్‌లో అక్షరాలు దాచే పద్ధతి పేరు. పెద్దక్షరాలున్నాయి, అడ్డగీత ఉంది, అంకె ఉంది. హుక్ దండం పెట్టి లోపలికి పంపింది.

కోడ్‌ను జిరాకు కలపడం వల్ల లాభం లేదనను, పాపం తగులుతుంది. మూడేళ్ల కిందటి ఇఫ్ కండిషన్ ఎందుకు పెట్టారో తెలియక, ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చూపే గిట్ బ్లేమ్ కొట్టాను. టికెట్ నంబరు దొరికింది. నొక్కితే టికెట్ తెరుచుకుంది. వివరాల గడిలో ఒకే ఒక్క వాక్యం: "కాల్‌లో మాట్లాడుకున్నాం."

ఇక అసలు మహిమ, మార్పు అసలు కోడ్‌లో మెర్జ్ అవగానే టికెట్ దానంతటదే డన్ గడిలోకి దూకడం. నిన్న కస్టమర్ ఫోన్ చేసి పే బటన్ నొక్కితే పలకడం లేదన్నాడు. మేనేజర్ గారు బోర్డు తెరిచి, "డన్‌లోనే ఉంది కదండీ" అన్నారు. ఆవిడ చెప్పిందీ నిజమే. పాత టికెట్ మళ్లీ తెరిస్తే ఆ విడత పని లెక్క చెప్పే స్ప్రింట్ రిపోర్టు పాడవుతుందని కొత్తది తెరిపించారు. ఆ నంబరుతో ఓ బ్రాంచ్, అంటే మార్పులు చేసుకోవడానికి కోడ్‌లో విడి పాయ, తీశాను. తీసీ తీయగానే టికెట్ ఇన్ ప్రోగ్రెస్‌లోకి జరిగిపోయింది.

నేను టీకి వెళ్లాను.