హబుల్ స్థిరాంకం గారికి ఓ బహిరంగ లేఖ

అయ్యా స్థిరాంకం గారూ,

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే సంఖ్య మీరు. కానీ నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, మీలో స్థిరత్వం అంత. ఏ క్షణానికైనా విశ్వమంతటా మీ విలువ ఒక్కటే, ఆ పేరు అంతవరకే చెల్లుతుంది. కాలం గడిచేకొద్దీ మీరు తగ్గుతూనే వచ్చారు. విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో బయటపడింది కదా, అయినా మీరు తగ్గుతూనే ఉన్నారు!

1929లో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ లెక్కలో మీరు దాదాపు 500. అంటే మెగాపార్సెక్‌కి, అదే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకు 500 కిలోమీటర్ల చొప్పున గెలాక్సీలు దూరమవుతున్నాయని. 97,800ని మీ విలువతో భాగిస్తే విశ్వం వయసు కోట్ల ఏళ్ళలో ఉజ్జాయింపుగా వస్తుంది. చేసి చూడండి: 196 కోట్లు. భూమి మీది రాళ్ళే అంతకంటే పాతవి. తల్లి కంటే పిల్ల పెద్దదన్నమాట, మీ ధర్మమా అని.

దూరాలు కొలవడానికి వాడే, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాలు రెండు రకాలని 1952లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే చెప్పాక దూరాలు రెట్టింపయ్యాయి, మీరు సగానికి దిగారు. 1958కి మరో ఖగోళ శాస్త్రవేత్త శాండేజ్ చేతిలో 75. పోనీ అక్కడైనా కుదురుగా ఉన్నారా? తర్వాత ఏళ్ళ తరబడి ఒక వర్గం 50 అని, ఇంకో వర్గం 100 అని జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి.

ఇప్పుడు గొడవ చిన్నదే, కానీ మొండిది. విశ్వానికి 3.8 లక్షల ఏళ్ళ వయసున్నప్పుడు బయల్దేరిన వెలుగును ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. అక్కణ్ణుంచి విశ్వం ఎలా విస్తరించిందో చెప్పే సిద్ధాంతం పట్టుకుని నేటికి లెక్క కడితే మీరు 67.4, అటూఇటూ 0.5. దగ్గర నుంచి మెట్లెక్కి కొలిస్తే 73, అటూఇటూ 1.

ఆ మెట్లు మూడు. దగ్గరి సెఫీడ్ల దూరం నేరుగా జ్యామితితో. ఆ సెఫీడ్లతో, సూపర్‌నోవా (అంటే నక్షత్ర విస్ఫోటనం) కనిపించిన గెలాక్సీల దూరం. ఆ సూపర్‌నోవాలతో, ఇంకా అవతలివి. సెఫీడ్ ఎంత నెమ్మదిగా వెలిగి ఆరితే అంత ప్రకాశవంతమైనదని 1912లో హెన్రియెటా లీవిట్ చూపింది కాబట్టే ఈ నిచ్చెన నిలబడింది. చిక్కంతా కొలతలో ఉందేమో అనుకున్నాం. మధ్యలో దుమ్ము అడ్డొస్తే నక్షత్రం మసకబారి దూరంగా అనిపిస్తుంది. పక్క నక్షత్రాల వెలుగు కలిస్తే దగ్గరగా అనిపిస్తుంది. ప్రకాశంలో 0.1 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగుకు కొలమానం) పొరపాటు దూరంలో సుమారు 5 శాతం. 67.4ని 73 చేయడానికి 0.17 చాలు. దొంగ ఇక్కడే దాక్కున్నాడనుకుని జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుతో ఆ సెఫీడ్లను విడదీసి చూస్తే, పాత కొలతలే సరైనవని తేలింది. ఇప్పుడు సిద్ధాంతం వైపు అనుమానంగా చూడాల్సి వస్తోంది. అది మీకు సరదాగా ఉండొచ్చు.

2017లో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (కుంచించుకుపోయిన మృత నక్షత్రాలు) ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో పుట్టిన అలలను, మూడో సాక్షిగా పిలిచాం. 70 అని చెప్పాయి. ఓ 12 ఎక్కువ కావచ్చు, ఓ 8 తక్కువా కావచ్చు అని కూడా అన్నాయి. ఆ సాక్ష్యంలో 67.4, 73 అనే వాదీ ప్రతివాదీ ఇద్దరూ కాళ్ళు చాపుకుని పడుకున్నారు.

ఇట్లు,
మీ దశాంశాల బాధితుడు