పౌరుషం సీసాలో ఉంది, మనం బల్ల మీద ఉన్నాం

మా కాలనీ పార్కులో సిమెంటు బల్ల మీద కూర్చునే అయిదుగురు పెద్దమనుషులం ఈ మధ్య ఒక గంభీరమైన నిర్ణయానికి వచ్చాం. బల్ల మీద నుంచి లేచేటప్పుడు అందరి నోటా ‘రామా’ అని వస్తోంది. ఇది భక్తి కాదని, ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గడమేనని మాలో పేపరు ఆసాంతం చదివే ఏకైక సభ్యుడు తేల్చాడు. తొడల్లో కండ తరిగిందేమో అని ఎవరూ అనలేదు. కండ తరిగితే తప్పు మనది, హార్మోన్ తగ్గితే తప్పు బ్రహ్మది.

మాకు పూర్వీకులు లేకపోలేదు. 1889 జూన్ 1న పారిస్‌లో, బ్రౌన్ సెకార్ అనే 72 ఏళ్ల మహా శాస్త్రవేత్త జీవశాస్త్ర సంఘం ముందు నిలబడి, కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని తానే సూదితో ఎక్కించుకున్నానని ప్రకటించాడు. మెట్లు పరుగున ఎక్కుతున్నాడట. ముంజేతి బలాన్ని యంత్రంతో కొలిచాడు. మూత్రధార ఎంత దూరం పడుతోందో కూడా ముందూ తరువాతా కొలిచి రాసుకున్నాడు. విజ్ఞానశాస్త్రంలో ఇంతటి నిజాయితీ అరుదు. చిక్కల్లా ఒకటే: వృషణాలు హార్మోన్‌ను తయారుచేస్తాయి గాని నిల్వ పెట్టుకోవు, ఉన్న కాస్తా నీళ్లలో సరిగా కరగదు. కాబట్టి ఆ పెద్దాయన ఎక్కించుకున్నది చాలావరకు ఆశ. ఆ ఆశతోనే మెట్లెక్కాడు. పరుగున.

1935లో అసలు సరుకునే ప్రయోగశాలలో తయారుచేశారు. అమెరికాలో ఆ హార్మోన్ తక్కువగా ఉన్న, 65 దాటిన 790 మంది మగవాళ్ల మీద ఆ సరుకును ఏడాదిపాటు పరీక్షించి 2016లో ఫలితాలు చెప్పారు. కోరిక కొంత పెరిగింది. నడక మందగించినవారిలో మాత్రం నడక చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. అంటే మనసు బయలుదేరుతుంది, కాళ్లు రావు. 2024లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో హార్మోన్ వాడినవారికే ఎముకలు ఎక్కువగా విరిగాయి. ‘హుషారెక్కి పరిగెత్తి పడి ఉంటారు’ అని మా సభ్యుడు సమర్థించాడు. తీర్మానం నెగ్గింది.

ఆడవాళ్ల సంగతి మా ఎజెండాలో లేదు. మన హార్మోన్ ఏటా చిల్లరగా తరిగితే, వాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ ముట్లుడిగే వయసులో కొన్నేళ్లలోనే పడిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. ముసలితనపు బలహీనత వాళ్లలోనే ఎక్కువ, ఆయుష్షూ వాళ్లకే ఎక్కువ. 16,608 మంది స్త్రీలతో అమెరికాలో జరిగిన హార్మోన్ మాత్రల అధ్యయనంలో తుంటి విరగడం మూడో వంతు తగ్గింది. అయితే రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం పెరగడంతో 2002లో మధ్యలోనే ఆపేశారు. మగవాడి నీరసానికి పరీక్ష ఉంది, ప్రకటన ఉంది, సీసా ఉంది. ఆడవాళ్ల నీరసానికి తరతరాలుగా ఒకటే మందు: ‘వయసైంది కదమ్మా’.

మా వాదానికి అసలు ద్రోహం 1994లోనే జరిగిపోయింది. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలోని 100 మంది మీద అధ్యయనం చేశారు. సగటు వయసు 87, ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లలో కొందరి చేత పది వారాలు కాళ్లతో బరువులు నెట్టించారు. వాళ్ల కండబలం 113 శాతం పెరిగింది. సూది లేదు, సీసా లేదు. ఇలాంటి దానికి ప్రకటన ఎవరిస్తారు?

ఈ అన్యాయాన్ని మా ఆవిడకు వివరించాను. ఆవిడ పీట మీద కూర్చుని ఆవకాయ కలుపుతోంది. ‘ఏమండీ, కాస్త లేచి ఆ నూనె డబ్బా అందుకోండి’ అంది. ‘రామా’ అన్నాను. నేను కుర్చీ చేతులు వెతుక్కునేలోపు ఆవిడే లేచి తెచ్చుకుంది.