కుడి చెప్పు, ఎడమ ఇంజన్

ఈ దేశంలో గడువు తీరేవి చాలా ఉన్నాయి. పాల ప్యాకెట్టు, బండి ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు. వాటితో పాటు నేనూ ఉన్నాను. పెన్షనర్ని కాబట్టి ఏటా నవంబరులో వేలిముద్ర వేసి, బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. ఒక ఏడాది నా వేలిముద్ర పడలేదు. మెషీన్ లెక్కలో నేను పోయాను. అక్కడి కుర్రాడు నా వేలు తుడిచి, ఊది, నొక్కిపట్టి నాలుగోసారికి నన్ను బతికించాడు.

ఇంత అనుభవం ఉంది కాబట్టే మా మేనల్లుడు బాబి కేసు నా దగ్గరికి వచ్చింది.

అనకాపల్లి దగ్గర ఎకరంన్నర అమ్మి మా అక్కా బావా వాణ్ణి యూరప్ పంపించి పైలట్ కోర్సు చేయించారు. లైసెన్సు వచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఎంవీపీ కాలనీలో మా మేడ మీది గదిలో ఉంటూ పదో తరగతి పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాడు. ఆ చెప్పడంలో పడి ఉండగా లైసెన్సులో 'మల్టీ ఇంజన్ పిస్టన్' అనే రేటింగుకి గడువు తీరిపోయింది. రెండు పిస్టన్ ఇంజన్లున్న చిన్న విమానం నడిపే అర్హత అది. యూరప్ నిబంధనల ప్రకారం ఒక ఇంజన్ పిస్టన్ విమానం రేటింగుకి రెండేళ్లు గడువట. రెండు ఇంజన్లకి ఒక్క ఏడాదే.

"లెక్క ప్రకారం నాలుగేళ్లు ఇవ్వాలి కదరా" అన్నాను. వాడు నా వైపు ట్యూషన్ పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

గడువుకి ముందు మూడు నెలల్లోగా ఎగ్జామినర్ ముందు ఎగిరి పరీక్ష ఇస్తే, ఆ ఏడాదిలో పది ట్రిప్పులు ఎగిరి ఉంటే, ఇంకో ఏడాది పొడిగిస్తారు. పది లేకపోతే ఎగ్జామినర్ని పక్కన పెట్టుకుని ఒక్క ట్రిప్పు వేసినా చాలు. గడువు దాటాక మాత్రం ట్రైనింగ్ స్కూలుకి వెళ్లాలి. ఎంత మరిచిపోయాడో వాళ్లు చూసి ఎన్ని పాఠాలు కావాలో తేలుస్తారు. ఆ తర్వాత పరీక్ష.

పౌరుడిగా నాకు మొదట వచ్చిన సందేహం ఇందులో అపరాధ రుసుము ఏదీ అని. ఇంటిపన్నుకి ఉంది, కరెంటు బిల్లుకి ఉంది. నెలకి ఇంత అని కట్టించుకుని ముద్ర వేసేస్తే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. రెండో సందేహం, దీనికి బ్రోకర్ ఎవరూ లేరా అని. నాలుగు ఫొటోలూ, ఆధార్ జిరాక్సూ, కవరూ ఇస్తే పని జరిగిపోయే సంస్కృతి మనది.

"పనికిరాదు మావయ్యా. ఎగ్జామినర్ పక్క సీట్లో కూర్చుని ఇంజన్ తీసేస్తాడు."

"బాగున్న ఇంజన్ని ఎందుకు తీయడం?"

"అదే పరీక్ష."

అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. ఈ రేటింగు మొదటిసారి తీసుకునేటప్పుడు కనీసం ఆరు గంటలు మాస్టారితో ఎగరాలి. అందులో మామూలుగా ఎగరడానికి రెండున్నర గంటలు. మిగతా మూడున్నర గంటలూ ఒక ఇంజన్ పోయిందనుకుని ఎగరడమే. చేతిలో రెండు ఇంజన్లు పెట్టి, సగానికి పైగా కాలం ఒకటి లేదనుకోమనే చదువు ఇంకెక్కడైనా ఉందా? ఒకటి పోతే రెండోది ఉంది కదా అనుకునే నాలాంటి ప్రయాణికుల కోసం వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇంట్లో మొగుడూ పెళ్లాం సంపాదిస్తూ ఒకరి జీతం ఆగిపోతే ఆదాయం సగమే తగ్గుతుంది. నెలాఖరుకి బ్యాంకులో వేసేది మాత్రం దాదాపు మొత్తం పోతుంది. విమానానికి ఎత్తుకి ఎక్కే శక్తి ఆ మిగులులోంచే రావాలి. అందుకే ఒక ఇంజన్ పోతే ఎక్కే వేగం ఎనభై శాతం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పడిపోతుంది.

పైగా మిగిలిన ఇంజన్ ఊరుకోదు. జోడెద్దుల్లో ఒకటి కూలబడితే రెండోది బండిని ముందుకి కాదు, పక్కకి లాగుతుంది. తోక దగ్గరి చుక్కానిని తిప్పే రడ్డర్ పెడల్‌ని కాలితో తొక్కి ఆపాలి. వేగం ఒక గీత కిందికి పడిపోతే ఎంత తొక్కినా విమానం మాట వినదు. ఆ గీత మీటరు మీద ఎర్రగా ఉంటుంది. ఒక్క ఇంజన్‌తో బాగా ఎక్కగలిగే వేగానికి నీలం గీత. రెండు ప్రొపెల్లర్లూ పైలట్‌కి గడియారం ముల్లు వైపు తిరుగుతూ కనిపించే విమానాల్లో ఎడమ ఇంజన్ పోవడం ఎక్కువ ప్రమాదం. ప్రొపెల్లర్‌లో కిందికి దిగే వైపు రెక్క ఎక్కువ లాగుతుంది కాబట్టి కుడి ఇంజన్ లాగుడు విమానం నడిమధ్య నుంచి మరింత దూరంగా పడుతుంది. ఈ బాధ లేకుండా చెరో వైపు తిరిగే ప్రొపెల్లర్లు పెట్టిన పైపర్ సెనెకా లాంటివీ ఉన్నాయి. మావాడి అదృష్టానికి వాడి స్కూల్లో ఉన్నది అది కాదు.

విశాఖలో ప్రాక్టీసు ఎలా? ఊళ్లో ఉన్న రన్‌వే నేవీ వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలోది. అక్కడికి వెళ్లి మా మేనల్లుడు కాసేపు ఇంజన్ ఆపుకుంటాడండీ అని అడిగే ధైర్యం నాకు లేదు. బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పాత నేవీ విమానం ఉంది. నాలుగు ఇంజన్లు, ఇంజనుకి రెండు చొప్పున ఎనిమిది ప్రొపెల్లర్లు. 29 ఏళ్లు కొలువు చేసి 2017లో రిటైరై మ్యూజియం అయింది. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లిరావచ్చు. దాన్ని ఎవరూ ఏటా రేటింగు అడగరు. రిటైరయ్యాక దానికి దొరికిన గౌరవం నాకు దొరకలేదని చెప్పక తప్పదు.

చివరికి మేడ మీదే ఏర్పాటు చేశాం. ప్లాస్టిక్ కుర్చీ సీటు. నా హవాయి చెప్పులు రెండూ పెడల్స్. ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిళ్లు రెండు, ప్రొపెల్లర్లవి రెండు, పెట్రోలూ గాలీ పాళ్లు సరిచేసే మిక్చర్లు రెండు, మొత్తం ఆరు లీవర్లు కావాలన్నాడు. బియ్యం పోసిన బకెట్లో ఆరు గరిటెలు గుచ్చాం. ఎగ్జామినర్ నేను. ఏ ఇంజన్ పోయిందో నోటితో చెప్పకూడదు, కుర్చీని పక్కకి తిప్పాలి. ఎడమకి తిప్పితే వాడు కుడి చెప్పు తొక్కాలి. అప్పుడు ఎడమ కాలు ఖాళీగా ఉంటుంది. ఖాళీ కాలు ఏ వైపు ఉంటే ఆ వైపు ఇంజన్ పోయినట్టు. అక్కడితో నమ్మకూడదు. ఆ వైపు థ్రాటిల్ వెనక్కి లాగి చూడాలి. ఏమీ మారకపోతే అది నిజంగానే పోయినట్టు. అప్పుడు ఆ ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేయాలి. అంటే రెక్కలు గాలిమరలా తిరుగుతూ విమానాన్ని వెనక్కి గుంజకుండా, అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిప్పి ఆపేయడం.

మూడు రోజులు బాగానే సాగింది. మధ్యలో మా ఆవిడ పైకొచ్చి "పోపు వేయాలి, ఆ కుడి ఇంజన్ చిల్లుల గరిటె ఇలా ఇవ్వు" అని పట్టుకుపోవడం తప్ప పెద్ద సాంకేతిక లోపాలేవీ లేవు. నాలుగో రోజు నేను కుర్చీని హఠాత్తుగా ఎడమకి తిప్పాను. వాడు కుడి చెప్పు సరిగ్గానే తొక్కాడు. "ఎడమ ఇంజన్" అని సరిగ్గానే అన్నాడు. చెయ్యి మాత్రం వెళ్లి కుడి గరిటె లాగింది. రెండు ఇంజన్లూ లేకుండా మేం రైతు బజారు మీద మూడు వందల అడుగుల ఎత్తులో ఉన్నాం.

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ఒక ఏటీఆర్ విమానం లేచిన కాసేపటికే ఒక ఇంజన్ పనిచేయడం మానేస్తే, పైలట్ పొరపాటున బాగున్న రెండోదాన్ని ఆపేశాడని చెప్పాడు. నలభై ముగ్గురు పోయారు. తర్వాత గరిటెలు సర్ది మళ్లీ కూర్చున్నాడు. ఆ రాత్రి పదకొండు దాకా నేను కుర్చీ తిప్పుతూనే ఉన్నాను.

కాబట్టి అపరాధ రుసుము గురించి పైన చేసిన డిమాండ్‌ని వెనక్కి తీసుకుంటూ, దాని స్థానంలో ఇంకొకటి సంబంధిత అధికారుల ముందుంచుతున్నాను. ఈ పద్ధతిని విమానాలకే పరిమితం చేయడం అన్యాయం. వానాకాలానికి మూడు నెలల ముందు గెడ్డలు చూసే ఇంజనీర్ల పక్కన ఒక ఎగ్జామినర్ని నిలబెట్టి, "నీళ్లొచ్చేశాయనుకో" అనిపించాలి. నా స్కూటరు వెనక సీటు మీద కూడా ఒకర్ని ఎక్కించవచ్చు. హనుమంతవాక దగ్గర పల్లంలోకి దిగుతుండగా "బ్రేకు పోయిందనుకో" అంటే నేను మొదట చేసే పని పక్కవాణ్ణి తిట్టడం. అది చెక్‌లిస్టులో ఉందో లేదో బాబిని అడగాలి.

బాబి బయల్దేరే ముందు రోజు సంపత్ వినాయకుడి గుడికి వెళ్లాం. ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లంతా వచ్చే చోటు. మా ముందు రెండు కార్లు, ఒక ఆటో ఉన్నాయి. పూజారిగారు మా వైపు తిరిగి "బండెక్కడ?" అన్నారు.

"యూరప్‌లో ఉందండి" అంది మా ఆవిడ. "రెండు ఇంజన్లు. కొబ్బరికాయలు రెండు తెచ్చాం."

ఆయన ఇంకేమీ అడగకుండా రెండూ కొట్టించారు. నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. బాబి జేబులో వేసుకున్నాడు.

బయటికొస్తే కుడి చెప్పు ఉంది. ఎడమది లేదు. గట్టిగా అరవబోతుంటే వెనక నుంచి మా ఆవిడ అంది. "కంగారు పడకండి. ముందు ఏది పోయిందో సరిగ్గా చూసుకోండి."