కంచం మీద ఉమ్మడి పాలన

నాకు 76 ఏళ్లు. ఇల్లు నాదే, పెన్షన్ నాదే, కంచం మాత్రం ఉమ్మడి ఆస్తి. పాపం ఒంటరిగా ఉంటున్నారని ఎవరైనా జాలిపడితే నవ్వొస్తుంది. రోజూ ముగ్గురు పిల్లలు వీడియో కాల్‌లో నా భోజనం తనిఖీ చేస్తుంటే ఒంటరితనం ఎక్కడిది?

శాఖలు పద్ధతిగా పంచుకున్నారు. ఉప్పు పెద్దాడిది. రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కాబట్టి, వాడు ముందుజాగ్రత్తగా 2 దగ్గరే ఆపేశాడు. తీపి అమ్మాయి చూసుకుంటుంది, అంటే లేకుండా చూసుకుంటుంది. నూనె, వెన్న, గుడ్లు చిన్నాడి ఖాతా. వాడు ఫోన్లో ఆరోగ్య వీడియో చూసిన ప్రతిసారీ నా కంచంలోంచి ఒక పదార్థం పదవీ విరమణ చేస్తుంది.

వయసు మీదపడ్డాక నాలుకకి రుచీ, ముక్కుకి వాసనా తగ్గుతాయి. కొన్ని మందులు నోరు ఎండబెడతాయి. కట్టుడు పళ్లు తమ వంతు సాయం చేస్తాయి. ఇన్ని గండాలు దాటి కాస్తో కూస్తో మిగిలిన ఆకలిని మావాళ్లు విజయవంతంగా అణిచేశారు. ఆరు నెలల్లో 64 కిలోల నుంచి 60కి దిగాను. "సూపర్ నాన్నా!" అన్నాడు పెద్దాడు. అమ్మాయి బంధువులందరికీ మెసేజ్ పెట్టింది.

డాక్టరుగారొక్కరే అభినందించలేదు. కావాలని తగ్గకుండా ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు పోతే ఈ వయసులో అది హెచ్చరికట. పోయింది కొవ్వొక్కటే కాదు, కండ కూడానట. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఎందుకు కావాల్సి వస్తున్నాయో అప్పుడర్థమైంది. పెద్దవాళ్లకి కేలరీల అవసరం కొంచెం తగ్గుతుంది గానీ ప్రోటీన్ అవసరం తగ్గదట. కిడ్నీ జబ్బున్నవాళ్ల లెక్క వేరు, మిగతావాళ్లకి కిలో బరువుకి రోజుకి కనీసం 1 గ్రాము, వీలైతే 1.2. అంటే నాకు 60 నుంచి 72 గ్రాములు. నా రాత్రి భోజనం టీ, రెండు బిస్కెట్లు. టీలో చక్కెర ఆపించారు. బిస్కెట్లలో ఉంటుందన్న సంగతి మాత్రం ఇంకా ఏ శాఖా కనిపెట్టలేదు, దయచేసి మీరూ చెప్పకండి.

అక్కర్లేని పథ్యాలు మానెయ్యమనీ, ఈ వయసులో దాహం సరిగా తెలియదు కాబట్టి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగమనీ చెప్పి, చివర్లో అడిగారు: "ఎవరితో కలిసి తింటారు?"

"ఫోన్‌తో," అన్నాను.

ఆ రాత్రే పిల్లల అత్యవసర సమావేశం జరిగింది. ప్రోటీన్ పొడి ఏ కంపెనీదన్న దగ్గర గంటసేపు ఆగింది. తనిఖీ మానేసి ఎవరి కంచం వాళ్లు ముందు పెట్టుకుని నాతోపాటు తినండ్రా అన్నాను. అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం మంచినీళ్ల చెంబుకి ఫోన్ ఆనించి కూర్చున్నాను. అవతల ముగ్గురూ తింటున్నారు, కొట్టుకుంటున్నారు, చిన్నప్పటి గొడవలు తవ్వుకుంటున్నారు. వింటూ వింటూ ఎంత తిన్నానో చూసుకోలేదు.

చిన్నాడు చూశాడు.

"నాన్నా, రెండోసారి వడ్డించుకున్నావేంటి?"