నాలుగక్షరాల కోడ్ వెనుక నాలుగేళ్లు

ఇంజినీరింగ్ సీటు కోసం కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు తెరిచిన రోజుల్లో ఏ ఊరి నెట్ సెంటర్‌కు వెళ్లినా ఒకటే దృశ్యం. కంప్యూటర్ ముందు కుర్రాడు, వెనుక నిలబడి తండ్రి, బల్ల మీద ఏ కాలేజీలో ఏ ర్యాంకు వరకు సీటొచ్చిందో చూపే గత ఏడాది చివరి ర్యాంకుల జాబితా. సెంటర్ నడిపే ఆయన వేళ్లు ఆగకుండా కోడ్‌లు కొడుతుంటాయి. నాలుగక్షరాలు కాలేజీవి, మూడక్షరాలు బ్రాంచివి. గంట తిరిగేసరికి వంద ఆప్షన్లు నిండుతాయి. వాటిలో తొంభై కాలేజీల గేటు ఎటువైపు ఉంటుందో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. సీటు ఖాయమయ్యాక కాలేజీ ఎక్కడుందని మ్యాపులో వెతుక్కున్న కుటుంబాలను నేనెరుగుదును.

ర్యాంకుల పద్ధతిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1983లో చట్టం వచ్చింది, 1986లో ఎంసెట్ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష మొదలైంది. డబ్బు సంచి బరువును బట్టి కాక ర్యాంకును బట్టి సీటు దక్కడం మామూలు విషయం కాదు. తర్వాత మెడిసిన్ జాతీయ పరీక్ష అయిన నీట్‌కు వెళ్లిపోయింది. 2021లో ఆంధ్రప్రదేశ్, 2024లో తెలంగాణ ఆ పరీక్షకు ఈఏపీసెట్ అని పేరు మార్చుకున్నాయి. ర్యాంకును బట్టి నింపే కన్వీనర్ కోటా సీట్ల వరకు సూత్రం మాత్రం మారలేదు. చిక్కేమిటంటే, ర్యాంకు సీటును న్యాయంగా పంచగలదే గానీ ఆ సీటు ఎలాంటిదో చెప్పలేదు. చివరి ర్యాంకుల జాబితా నుంచి తెలిసేది నిరుడు ఎవరు చేరారన్నదే. ఆ చేరినవాళ్లూ అంతకుముందు ఏడాది జాబితా చూసే చేరారు. ఒకరి వెనుక ఒకరు నడిచిన దారి కాబట్టి అదే మంచి దారి అనిపిస్తుంది.

కాలేజీ గురించి అడగాలన్న ఆలోచన మన పిల్లలకు ఎందుకు రాదు? వాళ్ల ఇంటర్ రెండేళ్లు ఎలా గడిచాయో చూస్తే ఆశ్చర్యం ఉండదు. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో కింద తరగతులు, పైన హాస్టల్, తెల్లవారుజామున స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, ఎప్పుడో ఒక ఔటింగ్. ఆటస్థలం, గ్రంథాలయం, తనకంటే రెండేళ్లు పెద్దవాడైన స్నేహితుడు ఇవేవీ ఎరగని కుర్రాడిని పిలిచి నీకెలాంటి క్యాంపస్ కావాలని అడిగితే ఏం చెబుతాడు పాపం? ఇక తల్లిదండ్రుల ప్రశ్నలు వేరు. కాలేజీ బస్సు మన వీధి మొదట్లో ఆగుతుందా, క్లాసుకు రాకపోతే మా ఫోనుకు మెసేజ్ పంపుతారా, డిసిప్లిన్ ఉందా?

ఈ డిసిప్లిన్ అన్న మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. ఓటు హక్కు వచ్చిన మనిషి మధ్యాహ్నం గేటు దాటాలంటే ఇంటి నుంచి ఫోను చేయించాలనే కాలేజీ, చదువు ఎలా చెబుతుందో ఒక్క ముక్క చెప్పకుండానే మంచిపేరు తెచ్చేసుకుంటుంది. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అబ్బాయిల హాస్టల్ తలుపు ఎప్పుడు మూసినా ఎవరికీ పట్టదు, అమ్మాయిల హాస్టల్ మాత్రం చీకటి పడకముందే తాళం వేస్తే అదే గొప్ప భద్రత. ల్యాబ్ ఆరింటి వరకు తెరిచి ఉన్నా అయిదున్నరకు హాస్టల్‌లో ఉండాల్సిన అమ్మాయికి ఆ ల్యాబ్ సగమే ఉన్నట్టు.

బ్రాంచి సంగతికి వస్తే, ఇప్పుడు అందరి చూపూ కంప్యూటర్ సైన్స్, అంటే సీఎస్ఈ మీదే. అది దొరక్కపోతే కృత్రిమ మేధ కలిపిన సీఎస్ఎం, అదీ కాకపోతే డేటా సైన్స్ కలిపిన సీఎస్‌డీ. ప్రమాణాలు బాగున్న కాలేజీలకు ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించరాదన్న పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తివేసింది. పేరున్న చోట్ల సెక్షన్ల పేర్లకు అక్షరమాల చాలేటట్టు లేదు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న నిబంధన కాగితం మీద అలాగే ఉంది. సీట్లు ఒక్క ఉత్తర్వుతో రెట్టింపవుతాయి, పాఠం చెప్పగల మనిషి తయారు కావడానికి పదేళ్లు పడుతుంది. గేటు మీద పెద్దక్షరాలతో రాసుకునే ఎన్‌బీఏ (చదువు ప్రమాణాలను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపులో ఇంకో మెలిక ఉంది. అది కాలేజీకి కాదు, బ్రాంచికి ఇచ్చేది. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించుకుని బయటికి వస్తే తప్ప ఒక బ్రాంచి దానికి దరఖాస్తే చేయలేదు. కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ బ్రాంచిలో చేరే విద్యార్థి ఆ బోర్డు చూసి మురిసిపోతే, అది పక్క బ్రాంచివాడి సర్టిఫికెట్‌ను తనదనుకోవడమే.

నిజానికి సమాచారం బొత్తిగా లేకపోలేదు, దాన్ని చూడమని చెప్పేవారే లేరు. 2016 నుంచి వెలువడుతున్న ఎన్ఐఆర్ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగుల కోసం కాలేజీలు తమ వివరాలను స్వయంగా సమర్పిస్తాయి. ఆ పత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎందరు పైచదువులకు వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత, అధ్యాపకులు ఎవరెవరు, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు అన్నీ అందులో ఉంటాయి. హైవే పక్క హోర్డింగ్ మీద నవ్వుతూ కనిపించే అమ్మాయి ప్యాకేజీ ఒక్కరిది. ఆ పత్రంలోని మధ్యస్థ జీతం ఉద్యోగం వచ్చినవాళ్లలో సరిగ్గా నడుమ నిలిచినవాడిది. రెండింటి మధ్య దూరమే ఆ కాలేజీ అసలు స్వరూపం.

ఇంతా చెప్పాక ఒక సంగతి ఒప్పుకోవాలి. అందరికీ ఎంచుకునే వెసులుబాటు ఉండదు. తెలంగాణలో బీసీ విద్యార్థికి పదివేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, అది దాటితే సాధారణంగా 35 వేల రూపాయల వరకే. లక్ష దాటిన ఫీజున్న కాలేజీలో 9,990వ ర్యాంకుకీ 10,010వ ర్యాంకుకీ తేడా నాలుగేళ్లలో లక్షల్లో తేలుతుంది. పరీక్షలో అది ఒక్క ప్రశ్న తేడా కూడా కాకపోవచ్చు. ఆ పైన హాస్టల్, మెస్ ఖర్చు ఇంటిదే. అందుకే చాలా ఇళ్లలో మంచి కాలేజీ అంటే రోజూ ఇంటికి తిరిగి రాగలిగిన కాలేజీ. ఆ పిల్లలకు క్యాంపస్ జీవితం గురించి ఉపన్యాసమిచ్చే హక్కు నాకు లేదు. ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ బకాయి పెడితే కాలేజీ వసూలుకు దిగేదీ వాళ్ల మీదే. సర్టిఫికెట్లు ఫీజుకు తాకట్టవుతాయి. ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోరాదని ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. చేరే రోజున ఆఫీసు కౌంటర్ దగ్గర ఆ మాట గుర్తుచేసే ధైర్యం ఎందరు తండ్రులకు ఉంటుంది?

క్యాంపస్ అంటే ఏమిటో తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1969లోనూ 2009లోనూ ఉస్మానియా లేకుండా తెలంగాణ ఉద్యమాన్ని ఊహించలేం. పల్లె నుంచి ట్రంకు పెట్టెతో వచ్చినవాడు ఆ హాస్టల్ గదుల్లో పత్రిక చదవడం, వాదించడం, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకున్నాడు. ఇప్పుడు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండవు, విద్యార్థి సంఘ ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం ఎన్నికలు జరుగుతున్నాయి. పదో తరగతి మార్కులతో గ్రామీణ విద్యార్థులను చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీలో 2022 జూన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలి, అధ్యాపకులు కావాలి, వసతులు కావాలంటూ వేల మంది పిల్లలు దాదాపు వారం రోజులు ఎండలో, వానలో కూర్చున్నారు. సీటు వచ్చినప్పుడు ఊరంతా మిఠాయిలు పంచుకున్న క్యాంపస్ అది. లోపలికి వెళ్లాక గానీ లోపలి సంగతి తెలియలేదు.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు మొదటి మూడు కాలేజీలనైనా చూసి రావాలంటే కావలసింది బస్సు చార్జీలు, రెండు రోజుల సెలవు. వాళ్లు పిలిచిన రోజున, స్వాగత తోరణాలు కట్టిన రోజున వెళ్లొద్దు. మామూలు మంగళవారం మధ్యాహ్నం వెళ్లండి. గేటు బయట టీ బండి దగ్గర మూడో ఏడాది విద్యార్థులు ఉంటారు. ఫిజిక్స్ చెప్పే ఆయన ఈ ఏడాది ఎన్నోవాడని, మెస్‌లో రాత్రి ఏం పెట్టారని, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నవాడికి ఎవరైనా మళ్లీ చెబుతారా అని వాళ్లను అడగండి. లోపలికి వెళితే గ్రంథాలయం తలుపు మీద వేళలు రాసి ఉంటాయి. చివరి కాలేజీ బస్సు కదిలే నాలుగున్నరకే దానికీ తాళం పడుతుంటే, ఆ ఆప్షన్‌ను మొదటి స్థానం నుంచి ఇరవయ్యో స్థానానికి దించడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.